ముఖం లేని షాట్లు

"లైట్లు వేయండి!"

లక్ష్మీప్రసాద్ అరుపుకు సెమినార్ హాలు ఉలిక్కిపడింది.

తెర మీద సినిమా అప్పుడే ముగిసింది. ఏడు నిమిషాల లఘుచిత్రం. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న కృపావతి ఫోన్‌తో తీసింది. నటించినవాళ్ళు హాస్టల్ పిల్లలే.

లక్ష్మీప్రసాద్ ఈ పోటీకి న్యాయనిర్ణేత. విశాఖ నుంచి వచ్చాడు. పాతికేళ్ళలో నూటికి పైగా డాక్యుమెంటరీలు తీసినవాడు, ఏజెన్సీ ఊళ్ళన్నీ తిరిగినవాడు. పొద్దుటి నుంచి ఐదు సినిమాలు ఓపిగ్గా చూశాడు. వలిసె పూలు, సొరంగంలోంచి వచ్చే రైలు, థింసా నాట్యం. అన్నిటికీ నవ్వుతూ మార్కులు వేశాడు. ఈ ఆరోది చూశాకే ఆయన ముఖం కందగడ్డయింది.

కథ చిన్నదే. కొండమీద ఒక ఇంట్లో పిల్లవాడు జ్వరంతో చనిపోతాడు. తల్లి ఏడుస్తుంటే సినిమా తీసే మనిషి ఒకడు వస్తాడు. లోపల వెలుతురు చాలడం లేదని శవాన్ని చాపతో సహా గుమ్మం దాకా లాగిస్తాడు. "ఇందాకటిలాగే ఇంకొక్కసారి ఏడువమ్మా" అంటాడు. ఆమె ఏడుస్తుంది. అతను థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు.

"కృపావతి ఎవరు? ముందుకు రా."

ఆ అమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"మొదటి షాట్ ఏమిటి? బూట్లు. రెండోది బెల్టు. తర్వాత చేతులు. ఆ కెమెరావాడు సినిమా అంతా ఉన్నాడు, ఒక్క షాట్‌లోనూ ముఖం లేదు. ఇలా తలలు నరికేయమని ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు సార్."

"తెలుస్తూనే ఉంది! కెమెరా ఎక్కడ పెట్టావు? నేలకు రెండడుగుల ఎత్తులో. అక్కణ్ణుంచి లేవదు, కదలదు. ఇంత కొండ పెట్టుకుని ఒక్క వైడ్ షాట్ లేదు. పోనీ తల్లికైనా క్లోజప్ వేశావా? పక్క నుంచి చెవీ, జుట్టూ!"

రత్నాలు మేడమ్ కల్పించుకున్నారు. కాలేజీలో ఫిల్మ్ క్లబ్ చూసేది ఆవిడే. "మొదటి సినిమా సార్. చిన్నపిల్ల..."

"చిన్నపిల్ల కాబట్టే చెబుతున్నాను మేడమ్. బిడ్డ శవాన్ని వెలుతురులోకి లాగించినవాడు మనిషేనా? చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. కెమెరా వాడి ముఖం మీద పెట్టాలి. చూసేవాడికి వాణ్ణి చెప్పుతో కొట్టాలనిపించాలి. ఈ అమ్మాయి బూట్లు చూపించి వదిలేసింది. వాణ్ణి కాపాడింది!"

వెనక వరసల్లో చప్పట్లు కొట్టారు. ఆయన మార్కుల కాగితం లాక్కుని 'షాట్ల ఎంపిక' ఎదురుగా ఇరవైకి నాలుగు వేశాడు.

"కాపాడలేదు సార్" అంది కృపావతి.

"అయితే భయపడ్డావు."

"భయం ఏటి సార్?" అంతసేపూ అణుచుకున్న గొంతు ఒక్కసారిగా లేచింది. "నేనెక్కడ కూకున్నానో కెమెరా అక్కడే ఎట్టినాను. నాకప్పుడు ఏడేళ్ళు. మా అమ్మ పక్కన నేల మీద కూకున్నాను. అక్కణ్ణుంచి నాకు అంతే అవుపడింది. కొండ అవుపడలేదు."

లక్ష్మీప్రసాద్ కాగితం మీంచి తలెత్తాడు.

"అంటే... ఇది జరిగిందా?"

"సచ్చిపోయినోడు మా తమ్ముడు సార్. సాప లాగినోడు మా అయ్య. సేతిలో అంత పెద్ద సామాను సూసి, ఎవరో ఆఫీసరు గారు, ఏదో సాయం సేత్తారనుకున్నాడు. అందుకే లాగమంటే లాగినాడు."

"మీ అమ్మ?"

"ఇప్పటికీ ఎవరైనా ఫోన్ ఎత్తితే లోపలికెళ్ళిపోద్ది. అప్పుడు రెండోపాలి ఎందుకు ఏడిసినాను అని తన్ని తనే తిట్టుకుంటాది."

లక్ష్మీప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం మీద నాలుగు కొట్టేసి పద్దెనిమిది వేశాడు. కానీ కోపం చల్లారలేదు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"ఎవడు వాడు? ఇలాంటివాళ్ళ వల్లే కెమెరా పట్టిన మా అందరికీ చెడ్డపేరు. ఎవడో నీకు తెలుసా?"

"తెలుసు సార్. ఆ సినిమా నిరుడు యూట్యూబ్‌లో దొరికింది. మా అమ్మ అందులో ఇరవై సెకన్లు ఉంది. రెండోపాలి ఏడిసిందే ఉంచారు. ఆఖర్న పేరు ఏసుకున్నారు."

"పేరు కూడా తెలుసా!" ఆయన బల్ల మీద గుద్దాడు. గ్లాసులో నీళ్ళు కాగితాల మీద ఒలికాయి. "పేరు తెలిసి, జరిగింది తెలిసి, ఆ దుర్మార్గుడి ముఖం ఎందుకు దాచావు? ఇంతమంది ముందు చెప్పు!"

కృపావతి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"నేను దాసలేదు సార్, ఆరోజు మా గుమ్మంలో ఉన్నంతసేపూ మీ ముఖానికి కెమెరా అడ్డం ఉన్నాది."