గొట్టంలో మిగిలిన మందు

హార్లన్ ఒక బోల్టు విప్పేసరికే వెర్నా ఉలిక్కిపడింది. “మెల్లగా హార్లన్! అది మీ అన్నయ్య బిగించింది.”

“ఈ బల్ల చూస్తే పీటంత ఉంది వదినా. అన్నయ్య ప్రెస్సు తీస్తేనే నాది ఎక్కుతుంది. వారంలో దుప్పుల వేట మొదలు.”

కాల్చేసిన తూటాల్లో మళ్లీ మందు నింపే ఆ ప్రెస్సును పోయిన చలికాలం నుంచి ఎవరూ ముట్టుకోలేదు. గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుంటే మంచు విరిగి వెర్నా భర్త లైల్ మునిగిపోయాడు. చావాలనే వెళ్లాడని ఊరంతా గుసగుసలాడింది. కాదని వెర్నా గట్టిగా అనలేకపోయింది.

రెండో బోల్టు దగ్గర హార్లన్ చేయి ఆగిపోయింది. “ప్రెస్సు మీది గొట్టంలో ఈ మందు నువ్వు పోశావా?”

“నేనెందుకు ముట్టుకుంటాను?”

అతను పాతబడి పసుపురంగు తిరిగిన గొట్టాన్ని వేలితో తట్టాడు. “పని ముగిస్తే అన్నయ్య మందంతా డబ్బాలోకి వంచేసేవాడు. నేనోసారి మరిచిపోతే వీపు చీరేశాడు. ఇప్పుడే వచ్చేస్తాననుకుంటేనే ఇలా వదిలి లేచేవాడు.”

వెర్నా దగ్గరికొచ్చి ఆ గొట్టాన్ని తాకి చూసింది. తర్వాత అరలోంచి మందు డబ్బా తీసి, మూత విప్పి అతని ముందు పెట్టింది.

“ముందు వంచెయ్యి,” అంది. “ఆయనొచ్చి చూస్తే మనిద్దరి వీపులూ చీరేస్తాడు.”