యేసమ్మ శ్రుతి

1962, మెదక్. నాటకం మొదలవుతుందనగా, రాజు వేషంలో ఉన్న కృపాదానం హార్మోనిస్టు యేసమ్మను తెర వెనక్కి వెళ్లమన్నాడు.

"ఆడామె ముందల కూసుంటే జనం నవ్వుతరు. పెట్టె ఇనవడితే సాలు, నువ్వు కనవడుడెందుకు?"

యేసమ్మ హార్మోనియం పెట్టె, కుర్చీ లోపలికి జరుపుకొంది.

మొదటి పద్యానికి శ్రుతి కొంచెం పెరిగింది. రెండోదానికి ఇంకాస్త. మూడో పద్యంలో రాజు గొంతు చీలింది. జనం ఈలలు వేశారు.

కృపాదానం తెర పక్క నుంచి తల లోపలికి పెట్టాడు. "శ్రుతి జర తగ్గించు యేసమ్మా, పానం పోతుంది!"

"నేను కనవడకుంటే నాకు మీరు గూడ కనవడరు సారూ. శ్రుతి ఎట్ల పట్టాలె?"

రాజు కిరీటంతోనే ఆమె కుర్చీ మోసుకొచ్చి జనం ముందు వేశాడు.

మిగతా పద్యాలన్నీ పాత శ్రుతిలోనే సాగాయి.