పసుపు రేక

"కొంప మునిగింది!" అనుకున్నాడు భర్త. పోటీకి భార్య వేసిన బొమ్మను ఎత్తగానే అతని బొటనవేలికి ఆరని రంగు అంటుకుంది. వంగి చూస్తే కాన్వాసు అడుగున, పూల కింద, అరచేతి వెడల్పున మట్టిరంగు అలుక్కుపోయి ఉంది.

"ఏమండీ, వ్యాన్ వచ్చేసింది! ఎక్కించారా?" లోపల తల దువ్వుకుంటూ కేకేసింది భార్య.

"ఆఁ... ఎక్కిస్తున్నా!"

ఈ పోటీలో కూడా బహుమతి రాకపోతే రంగులన్నీ మూటగట్టి అటకెక్కించేస్తానని నిన్ననే అందామె. అన్నంత పనీ చేసే మనిషి. ఆ బొమ్మలో పూలు పూలలా ఉండవు నిజమే, రంగులు ఒకదానిమీద ఒకటి విరగబడుతుంటాయి. అయితే మాత్రం, పూల బొమ్మలో బురద ఎవరైనా వేస్తారా? అంతా తన చేతి చలవే!

పుట్టి బుద్ధెరిగాక కుంచె పట్టనివాడు, మూత తీసున్న పసుపు ట్యూబు నొక్కాడు. మరక కనబడకుండా రేకలాంటిదొకటి పులిమేశాడు. భార్య గదిలోంచి వచ్చేలోపే బొమ్మ వ్యాన్‌లో ఉంది.

ప్రదర్శనశాలలో అతనికి కాలు నిలవలేదు. బొమ్మ గోడకెక్కగానే పరుగున వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కాస్త పక్కకు జరగండి మహానుభావా! వాళ్లొచ్చేది మిమ్మల్ని చూడ్డానికి కాదు," విసుక్కుంది భార్య.

బహుమతి తేల్చే పెద్దావిడ రానే వచ్చింది. అతను జరగక తప్పలేదు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని బొమ్మను ఎగాదిగా చూసింది. "ఈ పూలకి అర్థమేంటమ్మా?"

"మా ఇల్లేనండీ. ఈ తెల్లది మా అత్తగారు. ఇంట్లో ఉన్నట్టే తెలీదు, కానీ ఆ చల్లదనం అందరికీ తగుల్తుంది. ఈ ఎర్రమొగ్గలు పిల్లలు, ఎలా తోసుకుంటున్నారో చూడండి. ఈ నీలం నేను."

"మరి కిందనున్న ఈ పసుపు రేక? అబ్బ, ఎంత తెగువగా వేశావు! ఆశకి గుర్తా?"

భర్తకు ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, గండం గట్టెక్కింది!

భార్య వంగి ఆ రేకను చూసింది. తర్వాత మొగుడి చొక్కా చేతికున్న పసుపు మరకను చూసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అది నేను వేసింది కాదండీ. అక్కడ మట్టి ఉండాలి. ఈ పూలన్నీ నిలబడింది దాని మీదే," అంది. "పొద్దుటిదాకా అక్కడ మా ఆయన ఉన్నారు."