కంచె అవతలి గొంతు

పక్క పొలంలో కరెంటు మోటారు ఆగితేగాని, గుర్తు చెరిగిన పాత సమాధుల్ని వెతికే పరికరానికి నేల మాట సరిగా వినబడదు. అందుకే లొరెట్టా చీకటి పడ్డాక చర్చి సమాధుల తోటలో దిగింది. ఎప్పుడో తవ్వి పూడ్చిన మట్టి తగిలినప్పుడల్లా, భుజాన వేలాడే ఆ పొడవాటి గొట్టం సన్నగా మూలిగేది. కర్ర కంచె దగ్గర ఆ మూలుగు ఆగిపోయింది. కంచె అవతల తెల్లారితే రోడ్డు పని మొదలు.

"అటు సమాధులేవీ లేవుగా, తాతా?"

"పత్తి చేనమ్మా. మావాళ్ళు బానిసలుగా చచ్చిన చేను" అన్నాడు చర్చి పెద్ద ఆంబ్రోజ్. "ఉండు, మా పద్ధతిలో అడుగుతా."

ఆ చర్చిలో పెద్ద ఒక చరణం చెబితే, జనం దాన్నే సాగదీసి తిరిగి పాడతారు. ఆంబ్రోజ్ టోపీ తీసి, చేనువైపు తిరిగి ఒక చరణం చెప్పాడు.

కదలకుండా నిలబడ్డ లొరెట్టా భుజాన పరికరం మూలిగింది. సాగదీసి, అదే వరసలో.

"జేబులో ఇనుమేమైనా ఉందా తాతా? ఇనుముకీ ఇది మూలుగుతుంది."

"నోట్లో పళ్ళే లేవు, ఇనుమెక్కడిదే!"

ఆమె కంచె దాటింది. చేను ఆ చివరిదాకా నడిచినా మూలుగు తగ్గలేదు. ఒక్క గొంతు కాదది.

రెండో చరణం ఆంబ్రోజ్ ఇంకా ఎత్తనేలేదు.

చేనే అందుకుంది.