పోలిక కోసం

ఎదిగే పిల్లల గొంతులో గాలిదారి వెడల్పయితే, ఆ ఘనత నోట్లో పెట్టిన పరికరానిదా, వయసుదా?

దంతవైద్యుడు చాలాకాలంగా తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇది. కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు, దాన్ని ముందుకు జరిపే పరికరం అమర్చడం ఆయన పని. ఏడాది తిరిగేసరికి ఎక్స్‌రేలో నాలుక వెనుక గాలిదారిని చూపే నల్లని చార వెడల్పయ్యేది. తల్లిదండ్రులు చేతులెత్తి దండం పెట్టేవారు. కానీ ఏమీ పెట్టకపోయినా పిల్లలు ఎదుగుతారు కదా?

అందుకే ఆసుపత్రిలో పరిశోధన మొదలుపెట్టాడు. చీటీలు వేసి కొందరికి పరికరం అమర్చాడు. మిగిలినవారిని, పోలిక కోసం, ఏడాదిపాటు ఆపాడు.

ఆగినవారిలో ఒక పాప ఉంది. గురక పెడుతూ పెడుతూ, ఊపిరి తెగినట్టు నిద్రలో ఉలిక్కిపడేది. బడిలో బల్ల మీదే కునుకు తీసేది. పిల్లలు చాలక పరిశోధన మూలపడేలా ఉన్నప్పుడు, ఆ తల్లిని ఒప్పించింది ఆయనే. చీటీ విప్పాక ఆమె బతిమాలింది.

"దీనికి మాత్రం పెట్టెయ్యండి. ఎవరు చూడొచ్చారు?"

"ఒక్కరికి పెడితే అందరి లెక్కా చెడుతుంది."

"మీ లెక్కకేం, హాయిగా నిద్రపోతుంది. నిద్ర లేనిది నా పిల్లకే!"

ఆ తర్వాత ఆమె అడగలేదు. పాప ఎలా ఉందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇవాళ, ఏడాది ముగియకముందే, తొలి ఫలితాలు తేలాయి. లెక్కలు కట్టే సహోద్యోగిని, పేర్లు చెరిపేసిన ఎక్స్‌రేలను తెర మీద పక్కపక్కనే పెట్టింది.

"పెట్టినవాళ్ళకి దారి వెడల్పయింది. పెట్టనివాళ్ళకీ ఇంచుమించు అంతే. మనకన్నా వయసే పెద్ద డాక్టరండీ!" అని నవ్వింది.

ఏళ్ళ నమ్మకం ఒక్క మాటతో తేలిపోయినా ఆయనకు ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడాన్నే కాసేపు పరిశీలిస్తూ కూర్చున్నాడు.

"ఇదొక్కటే తేడా. పెట్టని జట్టులోదే. దారి పెరక్కపోగా ఇరుకైంది. తల వంచిందేమోనని మళ్ళీ తీయించాను. అదే కొలత," అని ఆమె ఇంకో ఎక్స్‌రే చూపించింది.

పేరు లేకపోయినా, ఆ లోపలికి పోయిన గడ్డాన్ని ఆయన పోల్చుకున్నాడు.

"ఒక్క పిల్లే కదా, సగటులో కలిసిపోతుంది లెండి. ఆఖరి కొలతలయ్యేదాకా ఎవర్నీ కదపకండి," అందామె.

సగటుకు గురక ఉండదు, అనుకున్నాడాయన.

తలుపు తీశాడు. వరండాలో బెంచీ మీద తల్లి, ఆమె భుజానికి ఆనుకుని నోరు తెరుచుకు నిద్రపోతున్న పాప. తల్లి తలెత్తకుండానే అడిగింది.

"ఇంకా ఎదగాలా? ఇంతటితో చాలా?"

పరికరం పెడితే మేలు జరుగుతుందని ఆయన లెక్కలే చెప్పడం లేదు. ఆపితే ఏమైందో మాత్రం ఇప్పుడే చూసి వచ్చాడు.

"ఈ పాపను లెక్కలోంచి తీసెయ్యండి," అని గదిలోకి కేకేశాడు.

పాపను లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. పరికరం కోసం పళ్ళ అచ్చు తీసే ముద్ద కలిపి, ట్రేలో నింపి, దంతవైద్యుడు తన ఒక్కగానొక్క కూతుర్ని నోరు తెరవమన్నాడు.