గోడమీది ఇనుప టోపీలు

"నాలుగు," అంది ఆవిడ కిటికీ దగ్గర్నుంచి కదలకుండా. "నిన్న మూడే. ఇవాళ నాలుగు."

పెద్ద జడ్జిగారు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే అడిగారు. "నాలుగేమిటి?"

"కాపలావాళ్ళు, పక్కింటికి. మనకేమో ఉన్న ఒక్క తోటమాలీ రావడం మానేశాడు."

ఆయన మొహాన సబ్బు నురగతోనే వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. రెండిళ్ళ మధ్యా ఎత్తయిన గోడ. దాని మీదుగా కనిపించేవి ఇనుప టోపీలు మాత్రమే. బోర్లించిన గిన్నెల్లా ఎటునుంచి చూసినా ఒకేలా ఉన్నాయి. ఎండకి తళతళలాడుతున్నాయి. ఆ తళతళ సూటిగా ఆయన కళ్ళలో గుచ్చుకుంది.

సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుని పదిహేను రోజులు కావస్తోంది. ప్రధాన న్యాయమూర్తి రాత్రికి రాత్రి సరిహద్దు దాటేశారు. కోర్టుకి తాళం పడింది. పేపర్లు రావడం లేదు, రేడియోలో వాద్యసంగీతం తప్ప మాట లేదు. జడ్జీల చేత కొత్త పాలకుల పేరున మళ్ళీ ప్రమాణం చేయిస్తారన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఖాళీ అయిన పెద్ద కుర్చీ వరస ప్రకారం ఈయనది. కానీ వారం క్రితం కొత్త ప్రభుత్వం వారి నల్లకారు మొదట ఆగింది పక్కింటి ముందు. ఆ ఇంటాయన ఈయనకన్నా జూనియర్. బెంచి మీద ఈయనకి ఎడమ పక్కన కూర్చునేవాడు.

"నిన్న తీపి చేసి గిన్నెలో పెట్టుకుని వెళ్ళాను," అంది ఆవిడ. "గేటు దగ్గర వాడొకడు వెనక్కి తిరిగి, 'ఎవరినీ పంపే అనుమతి లేదమ్మా' అన్నాడు. అంతే, మళ్ళీ అటు తిరిగిపోయాడు. మనిషిని మనిషిలా చూడాలా వద్దా?"

"గిన్నె ఏం చేశావ్?"

"నేనే తినేశాను, కోపంతో."

"నాకు ఒక్క చెంచా అయినా..."

"మీకు కాపలా వచ్చిన రోజున చేస్తాను లెండి."

ఆయన నురగ తుడుచుకున్నారు. సగం గడ్డం అలాగే ఉండిపోయింది.

"కూరగాయలు కూడా ఆ కాపలావాళ్ళే తెచ్చిస్తున్నారు. ఆ ఇంటి ఇల్లాలు గడప దాటక్కర్లేదు," అంది ఆవిడ. "ఫోన్ చేస్తే ఎత్తరు. ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే. సాయంత్రం ఇద్దరూ కలిసి మొక్కలకి నీళ్ళు పోస్తారు, కొత్తగా పెళ్ళయినవాళ్ళలా. గోడ దగ్గర నిలబడితే నవ్వులు కూడా వినిపిస్తాయి."

"మనమూ నీళ్ళు పోద్దాం."

"మీరా? ఇంట్లో బకెట్ ఎక్కడుంటుందో తెలుసా మీకు?"

ఆయనకి తెలియదు. తెలిసినట్టు మొహం పెట్టి మిగతా గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయారు. ఒక్క చల్లని ఆలోచన మాత్రం మిగిలింది. జడ్జీలు గదిలో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ముందు చిన్నవాడు తన అభిప్రాయం చెప్పాలి, పెద్దవాడు చివర. చిన్నవాడు మొహమాటపడకుండా ఉండాలని ఆ పద్ధతి. పెద్ద జడ్జిగారికి ఆ పద్ధతి ప్రాణం. అందరూ చెప్పాక "ఏకీభవిస్తున్నాను" అనే ఒక్క ముక్కతో ఆయన ఇంతవరకూ వచ్చారు. తప్పు తేలితే అది తీర్పు రాసినవాడిది. ఒప్పయితే అందరిదీ.

"పద్ధతి ప్రకారమే చిన్నవాణ్ణి ముందు అడిగారు," అన్నారు తువ్వాలుతో బయటికి వస్తూ. "నా వంతు వస్తుంది చూడు."

వచ్చింది. మధ్యాహ్నం నల్లకారు ఈ గుమ్మం ముందే ఆగింది. దిగినవాడు న్యాయశాఖ కార్యదర్శి. పాత ప్రభుత్వంలోనూ అతనే, కొత్త దాంట్లోనూ అతనే. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆవిడ తెచ్చిన టీ ముట్టుకోలేదు.

"సార్, కొత్త ప్రమాణం సంగతి. మీరేమంటారో కనుక్కుని రమ్మన్నారు."

పెద్ద జడ్జిగారు ఈ క్షణం కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు. చేస్తానని తనంతట తాను అనడం ఎందుకు? రేపు గాలి మళ్ళీ మారితే అది ఒంటరి మాట అవుతుంది.

"పక్కింటాయన చెప్పాడు కదా," అన్నారు.

"చెప్పారు సార్."

"నాదీ అదే. ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను."

కార్యదర్శి తలెత్తాడు. "ఆయన చెప్పింది మీకు తెలిసే అంటున్నారా?"

"వారం నుంచి కళ్ళారా చూస్తున్నానయ్యా."

"ఇంకోసారి ఆలోచించుకోండి. సాయంత్రం దాకా టైముంది."

"ఆలోచించేదేముంది? ఆయనకి జరిగినట్టే నాకూ జరగాలి. నేను సీనియర్ని, ఒక పిసరు ఎక్కువే జరగాలి కానీ తక్కువ కాదు. ఈ మాట పైవాళ్ళకి ఇలాగే చెప్పు."

తలుపు వెనక ఆవిడ గాజులు గలగలమన్నాయి. మెచ్చుకున్నట్టు.

కార్యదర్శి లేచి, నడుము వంచి రెండు చేతులా నమస్కారం పెట్టాడు. "మీ గురించి ఇన్నాళ్ళూ వేరేగా అనుకున్నాను సార్. క్షమించండి."

"పరవాలేదులే," అన్నారు పెద్ద జడ్జిగారు ఉదారంగా. పెద్ద కుర్చీ అప్పుడే కిందకి వచ్చినట్టు నడుము నిటారుగా పెట్టారు.

సాయంత్రం ఆవిడ మళ్ళీ తీపి చేసింది. ఇద్దరూ వరండాలో పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలోంచి తిన్నారు. బకెట్ కూడా దొరికింది. లారీ చప్పుడు వినగానే ఆవిడ జుట్టు సవరించుకుని లేచింది. ఇనుప టోపీలు ఒక్కొక్కటే దిగాయి.

"మనకి అయిదుగురు," అంది ఆవిడ, ఆయన మోచెయ్యి పట్టుకుని. "పక్కింటికన్నా ఒకడెక్కువ."

"సీనియారిటీ మరి," అన్నారాయన.

అయిదుగురూ గేటుకి బయటినుంచి తాళం వేసి, ఇంటివైపు తిరిగి నిలబడ్డారు.