లోపలి జేబు

దర్జీ కూతురికి ఆరు నెలలు తిరక్కుండానే స్కూలు గౌను బిగుతైపోయింది.

"ఉతికితే గుడ్డ కుదించుకుపోయుంటుంది," అన్నాడు నాన్న, మిషను మీంచి తల ఎత్తకుండా.

"నా చెప్పులు కూడానా నాన్నా?"

మనిషిని దూరం నుంచి చూసే కొలతలు చెప్పగల దర్జీ, పన్నెండేళ్ల కూతురి చేతికి టేపిచ్చి గోడవైపు తిరిగాడు. "నువ్వే కొలుచుకుని చెప్పమ్మా, రాసుకుంటా."

అన్నీ చెప్పి, "గోడ కొలతలు కూడా రాసుకున్నావా?" అంది.

సాయంత్రానికి కొత్త గౌను తయారైంది. తొడుక్కుంటే చక్కగా సరిపోయింది. పక్క కుట్టులో, బయటికి కనబడకుండా, ఒక జేబు చేతికి తగిలింది. ఆడపిల్లల గౌన్లకి నాన్న ఏనాడూ జేబులు పెట్టలేదు.

"ఇదెందుకు?"

"పెన్నుకి," అన్నాడు, సూదిలోకి లేని దారం ఎక్కిస్తూ.

జేబులో చెయ్యి పెట్టింది. కాగితంలో చుట్టిన పొట్లం. విప్పితే, తనకింకా అవసరం రాని శానిటరీ ప్యాడు.

మళ్లీ అలాగే చుట్టి, జేబులో పెట్టుకుంది.

"పెన్ను చాలా మెత్తగా ఉంది నాన్నా."

"పరీక్ష చెప్పి రాదు కదమ్మా," అన్నాడు నాన్న, గోడతో.